బొబ్బట్టు గాడు చెప్పాడు, మాకే అర్థం కాలేదు

పోస్టు పెద్దది, ముందే చెప్తున్నాం. ఆదివారం టిఫిన్లు అయ్యాక తీరిగ్గా చదువుకోండి.

పోయిన వారం మన సంఘం గ్రూపులో ఒకావిడ అడిగారు. ఇల్లు మారిన దగ్గర్నుంచి వాళ్ళ పిల్లి సోఫా మీదా తలుపుల మీదా పోసేస్తోందట, ఓనరు గొడవ చేస్తున్నాడట, ఎవరైనా తీసుకెళ్ళి పెంచుకుంటారా అని. కింద వచ్చిన సలహాలన్నీ చదివాం. చేపల మార్కెట్ దగ్గర వదిలేయమన్నవాళ్ళున్నారు. కారం నీళ్ళు చల్లమన్నవాళ్ళున్నారు. పిల్లికి విశ్వాసం ఉండదు, కుక్కని తెచ్చుకోండి అని తీర్పు చెప్పినవాళ్ళున్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి రాయట్లేదండీ. రెండేళ్ళ కిందట మేమూ దాదాపు ఇవే పనులు చేశాం. కారం నీళ్ళు ఒక్కటే చల్లలేదు.

మా పిల్లి పేరు బొబ్బట్టు. నారింజ రంగు చారలవాడు, పొట్ట దగ్గర మాత్రం కాస్త నెయ్యి రాసినట్టు తెల్లగా ఉంటుంది. మారతహళ్ళిలో పాత ఇంటి కింద, స్కూటర్ల మధ్య దొరికాడు. పేరు పెట్టింది మా పాప. పక్కింటి కన్నడ అజ్జి వాణ్ణి "ఒబ్బట్టు" అని పిలిచేది. రెండు పేర్లకీ పలికేవాడు, అంటే చెవి తిప్పేవాడు. ఏడో నెలలో ఆపరేషన్ చేయించాం. నాలుగేళ్ళపాటు ఒక్కనాడు కూడా ఇసక డబ్బా దాటి పోసిన పాపాన పోలేదు.

బెంగళూరులో అద్దె ఇల్లు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పదకొండు నెలల అగ్రిమెంటు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కోసం ఒక నెల అద్దె కోత, "పెట్స్ ఉన్నాయా" అని ఫోన్లోనే మొదటి ప్రశ్న. రెండేళ్ళ కిందట మే నెలలో మారతహళ్ళి నుంచి హొరమావు వైపు మారాం. కొత్త ఓనరు పిల్లికి ఒప్పుకున్నాడు గానీ, గోడలు పాడు కాకూడదని మూడుసార్లు చెప్పాడు. అందుకని మేము చేసిన మొదటి పని, ఇల్లంతా ఫినాయిల్‌తో కడగడం. తలుపులు, గుమ్మాలు, సోఫా కాళ్ళు, ఏదీ వదల్లేదు. పాత పరుపు అమ్మేశాం. వాడు పడుకునే పాత దుప్పటి, గీరుకునే గోనెసంచి చుట్టిన చెక్క, రెండూ పారేశాం. కొత్త ఇంట్లోకి పాత చెత్త ఎందుకని. పాలు పొంగించాం, సాంబ్రాణి వేశాం, చుట్టాలు పన్నెండు మంది వచ్చారు. వాడు రెండు రోజులు మంచం కిందే ఉన్నాడు. కొత్త కదా, అలవాటైపోతాడులే అనుకున్నాం.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇది మాకు అప్పటికి తెలీదు.

పిల్లికి బుగ్గల మీద, గడ్డం కింద, నుదుటి మీద, తోక మొదట్లో, కాలివేళ్ళ మధ్య వాసన గ్రంథులు ఉంటాయి. అది తలుపు అంచుకి బుగ్గ రాసిందంటే అక్కడ తన వాసన పూసిందన్నమాట. మన కాళ్ళకి రాసుకుని తిరిగేది కూడా పాల కోసం మాత్రమే కాదు. తన వాసన మనకి పూస్తుంది, మన వాసన తను పూసుకుంటుంది. ఒక ఇంటి మనుషులందరికీ ఒకే ఉమ్మడి వాసన ఉండాలని దాని లెక్క. గోళ్ళతో సోఫా గీకడంలోనూ సగం ఇదే. గోళ్ళ పదునొక్కటే కాదు, పాదాల వాసన కూడా అక్కడ అంటుతుంది, గీత కంటికి కనబడుతుంది. మనం గుమ్మానికి పసుపు రాసి, పైన ఇంటి పేరు బోర్డు పెట్టుకున్నట్టే అనుకోండి. మనకి ఆ బోర్డు కనపడదు, వాసన తెలీదు, అంతే.

అంటే మేము వాడి నాలుగేళ్ళ బోర్డులన్నీ పాతింట్లోనే పారేసి, కొత్తింట్లో మొలకెత్తిన ఒకటీ అరా కూడా రోజూ ఫినాయిల్‌తో కడిగేశాం. పైగా ఫినాయిల్ వాసన పిల్లికి నరకం. వాసన సంగతి అలా ఉంచండి. నల్ల ఫినాయిల్ లాంటి వాటిలో ఉండే ఫీనాల్ మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగ్గా లేదు. తడి నేల మీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, విషం లోపలికి పోతుంది. మనకి జ్వరమొస్తే వేసుకునే పారాసెటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా పోస్టు మర్చిపోయినా ఫర్లేదు.

రెండో వారంలో మొదలైంది. హాలు తలుపుకి వీపు తిప్పి నిలబడి, తోక నిట్టనిలువుగా పైకెత్తి, తోక కొస గజగజ వణికిస్తూ వెనక్కి చిమ్మాడు. తర్వాత సోఫా. తర్వాత చుట్టాలు వదిలి వెళ్ళిన బ్యాగు. మేము అరిచాం. మాలో ఒకరం చెప్పు విసిరాం కూడా (ఎవరో చెప్పం, ఇంట్లో శాంతి ముఖ్యం). మళ్ళీ ఫినాయిల్. మళ్ళీ వాడు. చివరికి యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన డబ్బా, గిన్నె పెట్టి రాత్రిళ్ళు తలుపు వేసేశాం.

నిలబడి గోడకి చిమ్మితే అది ఉత్తరం రాయడం, కూర్చుని నేల మీద పోస్తే అది మూత్రం. ఈ తేడా చాలామందికి తెలీదు. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అని ఒక పదార్థం ఉంటుంది, మగవాటిలో, ముఖ్యంగా ఆపరేషన్ చేయనివాటిలో ఎక్కువ. అది గాలికి విరిగి గంధకం కలిసిన ఆ ఘాటు వాసన వస్తుంది. మనకి అది కంపు. దానికి ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఎలా ఉన్నారు అన్న సమాచారం. ఆపరేషన్ అయినవి కూడా భయం వేసినప్పుడు, తన ఇల్లు తనది కాదనిపించినప్పుడు ఇలా రాస్తాయి. మా వాడు రాసింది అదే. మేము చదవకుండా తుడిచేస్తూ పోయాం.

ఆ రోజుల్లోనే నాయనమ్మ ఊరి నుంచి వచ్చింది. పాపకి నాయనమ్మ, ఇంట్లో అందరం అలాగే పిలుస్తాం. తెనాలి పక్క పల్లెటూరు. ఇంట్లో పిల్లిని పెంచడం ఆవిడకి బొత్తిగా నచ్చదు. బయటికి వెళ్తుంటే ఎదురొచ్చిందని మొదటి రోజే మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరింది. కానీ యాభై ఏళ్ళు గొడ్ల సావిట్లో బతికిన మనిషి. నోరు లేని జీవాన్ని చూడటం ఆవిడకి ఒకరు నేర్పాల్సిన పని కాదు.

ఒకరోజు బొబ్బట్టు గాడు ఆవిడ సంచి వాసన చూసి, మూతి కొంచెం తెరిచి, పైపెదవి ఎత్తి, ఎటో చూస్తూ అలా ఉండిపోయాడు. పాప భయపడింది, ఏదో అయిందని. నాయనమ్మ పకపకా నవ్వింది. "మన దున్నపోతు చేసేది ఇదేగా! గేదె ఎదకొస్తే వాసన చూసి పళ్ళు ఇకిలిస్తుంది చూడు, అచ్చం అంతే." నిజంగా అచ్చం అంతేనండీ. తర్వాత చదివాం. నోటి పైభాగంలో, ముందుపళ్ళ వెనక, వాసనల కోసం ఇంకో అవయవం ఉంటుంది, జాకబ్సన్ అవయవం అంటారు. కొన్ని వాసనల్ని ముక్కుతో కాక దానితో చూడాలి, అందుకే ఆ వెకిలి మొహం. ఎద్దుకీ, గుర్రానికీ, పులికీ ఉంది. మేము దాన్ని గూగుల్లో వెతుక్కున్నాం, ఆవిడ సావిట్లో చూసింది.

ఇప్పుడు అసలు సంగతి.

ఒక ఆదివారం సాయంత్రం నుంచి వాడు డబ్బాలోకి వెళ్ళడం, కూర్చోవడం, లేవడం, మళ్ళీ వెళ్ళడం. ఇసక పొడిగానే ఉంది. కాసేపటికి బాత్రూములో చల్లటి నేల మీద కూర్చున్నాడు. మళ్ళీ ఎక్కడో పోస్తాడేమోనని ఎత్తుకెళ్ళి యుటిలిటీలో వేశాం. మలబద్ధకమేమో అనుకున్నాం. తెలిసిన ఒక క్లినిక్కుకి ఫోన్ చేస్తే కొంచెం నూనె పట్టించి పొద్దున్నే తీసుకురమ్మన్నారు. పాప వెళ్ళి ఒళ్ళో పెట్టుకుంటే గురగుర మన్నాడు. "చూడండి, హాయిగా ఉన్నాడు, గురగుర అంటున్నాడు" అని పాప అంది. మేమూ అదే అనుకుని ఊపిరి పీల్చుకున్నాం. అర్ధగంట తర్వాత పాప మళ్ళీ ఎత్తబోతే బుస్సుమని చెయ్యి గీరేశాడు. మూడు గీతలు, రక్తం.

మాకు కోపం నషాళానికి అంటింది. ఇల్లు పాడుచేశాడు, ఓనరుతో మాటలు పడ్డాం, ఇప్పుడు పిల్ల చెయ్యి. రేపే ఎవరికైనా ఇచ్చేద్దాం అన్న మాట ఆ రాత్రి మా నోటి నుంచి వచ్చింది. ఎవరు తీసుకుంటారు, తీసుకోకపోతే ఎక్కడ వదలాలి అన్నదాకా వెళ్ళాం. అందుకే పోయిన వారం గ్రూపులో ఆ పోస్టు చూసి చదవలేకపోయాం.

నాయనమ్మ యుటిలిటీ తలుపు తీసి, దూరంగా పీట వేసుకుని కూర్చుంది. ముట్టుకోలేదు. ఓ ఐదు నిమిషాలు ఊరికే చూసింది. అప్పుడు మమ్మల్ని పిలిచింది.

"చెవులు చూడండ్రా. పక్కలకి వాలిపోయాయి. కళ్ళు చికిలించాడు, మూతి బిగించాడు, తల భుజాల కిందకి దించేశాడు. వీడు పొగరుబోతు పని చేయలేదు, నొప్పి. ఎద్దుకి మూత్రం బిగిసినప్పుడు ఇలాగే ఉంటుంది. రాళ్ళేమో. పొద్దుటిదాకా ఆగితే ఉండడు."

కొట్టిన ఎడ్లకి ఆ జబ్బు వస్తుందని ఆవిడకి తెలుసు. మగపిల్లులకీ వస్తుందని మాకు తెలీదు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. చిన్న చిన్న స్ఫటికాలో, జిగట ముద్దో అడ్డం పడితే మూసుకుపోతుంది. మూత్రం వెనక్కి తన్ని, ఒంట్లో పొటాషియం పెరిగి, గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది.

రాత్రి పదకొండున్నరకి, వానలో, రాత్రంతా తెరిచి ఉండే ఇంకో ఆసుపత్రి వెతుక్కుంటూ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్ళాం. ఆటో డ్రైవరు కన్నడలో ఏమైందని అడిగాడు. "బెక్కిగె హుషారిల్ల" అన్నాం, అంతకంటే మాకు రాదు. అతను మీటరు సంగతి ఎత్తలేదు, సిగ్నళ్ళ దగ్గర వెనక్కి తిరిగి బుట్ట వంక చూస్తూ పోనిచ్చాడు. బుట్టలోంచి వాడు ఇంకా గురగుర మంటూనే ఉన్నాడు.

ఆ గురగుర సంగతి డాక్టరమ్మ చెప్పింది. పిల్లి సంతోషంగా ఉన్నప్పుడే కాదు, బాగా నొప్పిగా ఉన్నప్పుడు, ఈనేటప్పుడు, చనిపోయేటప్పుడు కూడా గురగుర మంటుందట. అందుకని చెవితో వినొద్దు, కంటితో చూడమంది. గోడ మీద ఒక కాగితం చూపించింది. మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ప్రచురించిన కొలబద్ద అది, పిల్లి మొహం చూసి నొప్పిని లెక్కగట్టేది. ఐదే అంశాలు: చెవులు, కళ్ళు చికిలించడం, మూతి బిగింపు, మీసాలు, తల ఎత్తు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. పదికి నాలుగు వస్తే నొప్పి మందు ఇవ్వాలని. నాయనమ్మ పీట మీద కూర్చుని చెప్పినవాటిలో మీసాలు తప్ప అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. ఆవిడకి ఆ మాట చెప్తే, "మీసాలు చత్వారానికి కనపడలేదు" అంది.

గొట్టం వేసి మూత్రం తీశారు. మూడు రాత్రులు అక్కడే ఉంచారు. బిల్లు 18,000 దాటింది, ఆ నెల స్కూలు ఫీజు ఆలస్యంగా కట్టాం. రాళ్ళు లేవు. ఇలాంటి చాలా కేసుల్లో బెదురు, ఒత్తిడి పెద్ద కారణమని డాక్టరమ్మ అడిగింది, ఈ మధ్య ఇంట్లో ఏమైనా మారిందా అని. మేము ఇల్లు మారిన సంగతి, ఫినాయిల్, పారేసిన దుప్పటి, యుటిలిటీ, అన్నీ చెప్పాం. చెప్పు సంగతి చెప్పలేదు. ఆవిడ కాగితం మీద రాసుకుంటూ ఏమీ అనలేదు. ఏదైనా తిట్టుంటే బాగుండేదనిపించింది.

ఇంటికి తెచ్చాక ఆవిడ చెప్పినవి చేశాం. ఫినాయిల్ బంద్, వేడినీళ్ళే. పోసిన చోట మాత్రం ఎంజైము ద్రావణం వాడాలి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలు వద్దు, మూత్రం వాసనే మళ్ళీ పూసినట్టవుతుంది. శుభ్రమైన పాత నూలు గుడ్డతో వాడి బుగ్గలు మెల్లగా తుడిచి, ఆ గుడ్డని తలుపు అంచులకీ సోఫా మూలలకీ వాడి ఎత్తులో రాయమంది. బుగ్గల వాసనలో ఒక భాగాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ప్లగ్గుకి పెట్టే సీసాల్లో అమ్ముతారు కూడా. మేము గుడ్డతోనే సరిపెట్టాం. ఓనరు చూస్తే ఏమనుకునేవాడో, ఇద్దరు పెద్దమనుషులు మోకాళ్ళ మీద పాకుతూ గుమ్మాలకి పిల్లిని అద్దుతున్నారు. ఇసక డబ్బా యుటిలిటీ మోత నుంచి తీసి బెడ్‌రూమ్ మూలకి మార్చాం. పడుకోవడానికి నాయనమ్మ తన పాత వెంకటగిరి చీర ఇచ్చింది, నాలుగు మడతలు వేసి. పిల్లి ఎదురొస్తే మంచినీళ్ళు తాగే మనిషి.

నెల రోజులకి తలుపు మీద రాయడం ఆగింది. ఒక్కసారిగా కాదు, మధ్యలో రెండుసార్లు రాశాడు. ఆ రెండుసార్లూ మేము అరవలేదు.

ఆ నెలలో మేము నేర్చుకున్నవి కొన్ని చెప్తాం, క్రమం లేకుండా. తోక నిటారుగా లేపి, కొస కొంచెం వంచి ఎదురొస్తే నమస్కారం. పిల్లకూనలు తల్లికి చేసే పని అది. ఇటలీలో పిల్లుల గుంపుని గమనించిన శాస్త్రవేత్తలు 2009లో రాశారు, అవి ఒకదానికొకటి కూడా ఇలాగే పలకరించుకుంటాయట. తోక అటూ ఇటూ కొడుతుంటే మాత్రం కుక్కలాగా సంతోషం కాదు, ఇక చాలు, వదలమని. మా పాపకి ఊళ్ళో కుక్కలే అలవాటు, పాపం ఎన్నిసార్లు పొరబడిందో. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే నిన్ను నమ్ముతున్నానని, పొట్ట మీద చెయ్యి వెయ్యమని కాదు. మ్యావ్ అనేది పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి పెద్దగా వాడుకోవు, అది ఎక్కువగా మనకోసమే. వాటి అసలు భాష మనకి రాదని కనిపెట్టి, మనకి వచ్చే భాషలో ప్రయత్నిస్తున్నాయన్నమాట. బెంగళూరులో మన కన్నడం లాగా.

కళ్ళ సంగతి వేరే చెప్పాలి. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు" అని మనం దొంగలకి వాడతాం. 2020లో ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశోధన చేశారు. మనిషి పిల్లి వంక చూస్తూ కళ్ళు మెల్లగా మూసి తెరిస్తే, పిల్లి కూడా అలాగే తిరిగి మూసి తెరుస్తుందట. కొత్త మనిషి అలా చేసినా, ఊరికే చూసేవాడికంటే అతని దగ్గరికి ఎక్కువగా వెళ్ళిందట. ఎదుట ఉన్నవాళ్ళ ముందు కళ్ళు మూసుకోవడం నమ్మకం. పాపం పిల్లి, అన్ని శతాబ్దాలుగా దొంగ అనిపించుకుంది. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథలోనూ అంతే కదా. పాలు చూసి పారిపోయిందంటే మొదటిరోజు మూతి కాలిందని ఆ పిల్లి ఒంటితోనే చెప్పింది, సభలో అందరూ నవ్వారు. కవిగారి తెలివి మెచ్చుకుంటాం గానీ మూతి కాలిన పిల్లి గురించి ఎవరం మాట్లాడం. ఇలా అంటే నాయనమ్మకి కోపం, వాళ్ళ ఊరి కవి.

ఇంకో సరదా. నాయనమ్మ సాయంత్రం నడకకి వెళ్ళి కాంపౌండు గోడ పక్కన కుప్పింటాకు మొక్క చూసింది, గజ్జికి పసరు రాస్తారు కదా, అదే. తవ్వి తెచ్చి కుండీలో పెడదామని వేళ్ళతో సహా పీకింది. ఇంట్లోకి తేగానే బొబ్బట్టు గాడు ఆ వేళ్ళ మీద పడి పొర్లి, బుగ్గలు రాసి, చొంగ కార్చి, పావుగంట సేపు తాగినవాడిలా అయిపోయాడు. విదేశాల్లో పిల్లులకి క్యాట్‌నిప్ కొనిపెడతారు చూడండి, మన కుప్పింట వేరు అలాంటిదే. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి కొనక్కర్లేదు, బెంగళూరులో ప్రతి ఖాళీ సైటులోనూ ఉంటుంది. ఆడుకోనివ్వండి, తిననివ్వకండి.

ఆ పోస్టు పెట్టిన సోదరి గారికి: అమ్మా, మీ పిల్లి మగదా? నిలబడి గోడకి చిమ్ముతోందా, కూర్చుని చుక్క చుక్కగా పోస్తోందా, అసలు రావట్లేదా చూడండి. మూడోదైతే మా జవాబు కోసం కూడా ఆగకండి, ఈ రాత్రే తీసుకెళ్ళండి. మొదటిదైతే ముందు డాక్టరుకి చూపించి, ఒక నెల ఓపిక పట్టండి. వాడు పడుకున్న పాత గుడ్డ ఏదైనా పారేయకుండా మిగిలుంటే తెచ్చి వేయండి. ఓనరుతో మాట్లాడటానికి మేము వస్తాం, ఇద్దరం. ఒకవేళ మీవల్ల కాదనుకుంటే మార్కెట్ దగ్గర మాత్రం వద్దు, ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడ వారం కూడా బతకదు. మాకు మెసేజ్ పెట్టండి, వేరే దారి దొరికేదాకా మా ఇంట్లో ఒక గది ఇస్తాం. తలుపు వేసి ఉంచుతాం గానీ అది యుటిలిటీ కాదు.

పాప చేతి మీద ఒక గీత ఇంకా ఉంది. స్కూల్లో ఎవరైనా అడిగితే, "నొప్పి అని చెప్పాడు, మాకు వినపడలేదు" అంటుందట. మొన్న పేరెంట్స్ మీటింగులో టీచరు చెప్పింది.

మా ఓనరు కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడట, మే నెలకల్లా ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఈసారి కళ్యాణ్ నగర్ వైపు చూస్తున్నాం. ముందు ఒక గది మాత్రమే సర్దుతాం, వాడి డబ్బా, గిన్నె, చెక్క అందులో పెట్టాకే మిగతా సామాన్లు. చుట్టాల్ని నెల తర్వాత పిలుస్తాం. నాయనమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి మూడుసార్లు చెప్పింది, పాలు పొంగించేటప్పుడు తను రాలేకపోయినా ఫర్లేదట, ఆ వెంకటగిరి చీర మాత్రం ఉతక్కుండా తీసుకెళ్ళాలట.